ఎడమ సీట్లో బంగాళదుంపలు

మా బావ డెస్మండ్ పార్జిటర్ కవెంట్రీలో ఒక మిషన్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు తనిఖీ ఉద్యోగం చేశాడు. ఎవడో చెమటోడ్చి చేసుకొచ్చిన ఇనుప ముక్కని కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా పక్కకి విసిరేయడం ఆయన పని. అలా విసిరేయించుకున్న వాళ్ళు ఇప్పటికీ బజార్లో ఎదురుపడితే తల తిప్పుకుంటారు. రిటైరయ్యాక విసిరేయడానికి ఇనుప ముక్కలు దొరక్క నన్ను పట్టుకున్నాడు. నేను ఆయన భార్య డోరీన్‌కి తమ్ముణ్ణి, పక్కవీధిలోనే ఉంటాను, ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. తీరిగ్గా ఉన్న బామ్మర్ది అంటే ఆయన లెక్కలో దారం రెండో కొస పట్టుకునేవాడని అర్థం.

ఆ దారం కథే ఇది. 2009లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ప్రతి ఆదివారమూ, కొన్ని బుధవారాలూ నా మోకాళ్ళు ఆయన గ్యారేజీ సిమెంటు నేల మీదే అరిగాయి.

బావకి ఒక రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది. ముదురాకుపచ్చ రంగు, గుడ్డ టాపు, మా ఊళ్ళోనే పుట్టిన బండి. 1971లో కొన్నాడు, ఆ బండిలోనే మా అక్కని తిప్పాడు, ఆ బండిలోనే పెళ్ళాడి తీసుకెళ్ళాడు. అప్పటి నుంచి ఏటా మే మొదటి వారంలో ఇద్దరూ అందులో వేల్స్ సముద్రం ఒడ్డుకి, అబెర్డవీకి వెళ్ళి నాలుగు రోజులుండి వస్తారు. ముప్పై ఏడేళ్ళలో ఒక్క ఏడూ తప్పలేదు. అక్కకి కాలు విరిగిన ఏడాది కూడా కట్టుతోనే ఎక్కింది.

2008 జూన్‌లో బావ ఆ బండి వెనక భాగంలో కీళ్ళ దగ్గర అరిగిపోయిన రబ్బరు బుష్‌లు, స్ప్రింగులు పీకి కొత్తవి వేశాడు. శని పట్టింది ఆ రోజు నుంచే. సెప్టెంబరులో ఈవ్‌షమ్ వెళ్ళి ప్లమ్ పళ్ళు కొనుక్కుని వస్తుంటే, సన్న జల్లులో, ఒక రౌండబౌట్ దగ్గర బండి వెనక భాగం జారి చక్రంలా తిరిగిపోయింది. వచ్చిన దారి వైపు ముఖం పెట్టి గడ్డి మీద ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. మా అక్క దిగి, తలుపు వేసి, రోడ్డు పక్కన నడుచుకుంటూ వెళ్ళి బస్సెక్కి ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రం చెప్పిన మాట ఒక్కటే: అది తిన్నగా నడిచేదాకా నేనందులో అడుగు పెట్టను.

మా అక్క అన్న మాట మీద నిలబడుతుంది. మా నాన్నతో ఒకసారి నాలుగేళ్ళు మాట్లాడలేదు, ఒకే ఇంట్లో ఉంటూ.

కాబట్టి తేలాల్సింది అదీ. మే నెల వచ్చేలోగా బండి తిన్నగా నడవాలి. నడవకపోతే అక్క అబెర్డవీకి తన స్నేహితురాలితో టూరిస్టు బస్సులో వెళుతుంది, బావ బండి అమ్మేస్తాడు. అమ్మేస్తానని బావ నోటితో నాతో అన్నాడు, మీ అక్క పక్కన కూర్చోనప్పుడు ఆ బండి నాకెందుకురా లెన్ అని. ఆ మాట అక్కతో అనలేదు. వాళ్ళిద్దరిదీ అదే తంతు, ముఖ్యమైనవన్నీ నాతో చెబుతారు.

టైర్ల షాపుకి తీసుకెళ్ళమని నేను మొదట్లోనే మొత్తుకున్నాను. తీసుకెళ్ళాడు కూడా. అక్కడి కుర్రవాడు కంప్యూటర్లో వెతికి, మీ బండి మా జాబితాలో లేదు సార్, పైగా చక్రాల చూపు సరిచేయడానికి దీనికి వెనక తిప్పే స్క్రూలే లేవు కదా అన్నాడు. నిజమే, లేవు. ఈ బండి వెనక చక్రాలు ఒక్కొక్కటీ ఒక్కో ఇనుప చేతికి వేలాడుతుంటాయి. ఆ చేయి రెండు బ్రాకెట్లతో బండి అడుగు చట్రానికి, అంటే ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. బ్రాకెట్టుకీ ఛాసిస్‌కీ మధ్య కాగితమంత మందం రేకు ముక్కలు దూర్చాలి. లోపలి బ్రాకెట్టు దగ్గర ఒక రేకు కలిపితే చక్రం ముక్కు లోపలికి తిరుగుతుంది, బయటి బ్రాకెట్టు దగ్గర కలిపితే బయటికి. చక్రం ముందంచు వెనకంచు కన్నా అంగుళంలో ముప్పై రెండో వంతు లోపలికి ఉండాలని ఆ బండితో వచ్చిన పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం బావకి బైబిలు.

వినడానికి ఇంతే. చెయ్యడానికి కూర్చుంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ముందు గ్యారేజీ నేల వాలు. తూము వైపు అర అంగుళం వాలింది. దాన్ని సరిచేయడానికి చక్రాల కింద పాత వంటింటి నేల బిళ్ళలు పేర్చాడు, ఎడమ వైపు నాలుగు, కుడి వైపు రెండు, ఆఖరి రెండు బిళ్ళల మధ్య గ్రీజు పూశాడు, చక్రం తనంతట తాను సర్దుకోవాలట. తర్వాత బండికి అటూ ఇటూ చేపల గేలం దారం లాగి కట్టాలి, రెండు దారాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అప్పుడు దారం నుంచి చక్రం ముందంచుకి ఎంత, వెనకంచుకి ఎంత అని ఉక్కు స్కేలుతో కొలవాలి. తేడా వస్తే జాకీ ఎత్తి, చక్రం పీకి, పడుకుని, నలభై ఏళ్ళ నాటి బోల్టు వదులు చేసి, ఒక రేకు కలిపి, మళ్ళీ బిగించి, చక్రం వేసి, దించి, బండిని పదిసార్లు ఊపి, మళ్ళీ కొలవాలి. ఒక్క రేకుకి రెండు గంటలు. మధ్యలో దారానికి నా మోచేయి తగిలితే మొత్తం మొదటికి. నా మోచేయి తగలని ఆదివారం లేదు.

"నీకు కాళ్ళూ చేతులూ లెక్కకి మించి ఇచ్చాడురా దేవుడు," అనేవాడు బావ పళ్ళు నూరుతూ. ఫ్యాక్టరీలో ఆయన్ని ఎందుకు తిట్టుకునేవాళ్ళో నాకు అరవై రెండేళ్ళ వయసులో బోధపడింది.

ఇంకొకటి ఉంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు కొలవకూడదు. సీట్లలో ఇద్దరు మనుషులు కూర్చుంటే వెనక భాగం ఎంత దిగుతుందో అంతా దిగాలి, అప్పుడే చక్రాల చూపు ఎటుందో తెలుస్తుంది. కాబట్టి మనుషుల బరువు సీట్లలో పెట్టి కొలవమని పుస్తకంలో ఉంది. బావ ఇసుక బస్తాలు తెచ్చాడు, ఒక్కోటి ఇరవై అయిదు కిలోలు. కుడివైపు తన సీట్లో మూడు బస్తాలు, ఒకదాంట్లోంచి అయిదు కిలోలు ఒంపేసి. మొత్తం డెబ్భై. ఎడమవైపు అక్క సీట్లో రెండు బస్తాలు, వాటి మీద వంటింట్లోంచి ఎత్తుకొచ్చిన నాలుగు కిలోల బంగాళదుంపల సంచి. మొత్తం యాభై నాలుగు. దుంపలెందుకని అడిగితే, ఇసుకని విడిగా తూచడం కన్నా ఇది తేలిక, సంచి మీద అచ్చువేసిన అంకె కూడా తూచి చూశాను అన్నాడు.

గ్యారేజీ గోడ మీద సుద్దముక్కతో గళ్ళు గీశాడు. తేదీ, ఎడమ చక్రం, కుడి చక్రం, ఎడమ సీటు, కుడి సీటు. ఏప్రిల్ సగానికి పదహారు వరుసలు నిండాయి. ప్రతి వరుసలోనూ ఎడమ సీటు యాభై నాలుగు, కుడి సీటు డెబ్భై.

పిచ్చెక్కించే సంగతేమిటంటే, గ్యారేజీలో అంకెలు కుదిరేవి. పదకొండో వరుసలో చక్కగా కుదిరాయి. రెండు చక్రాలకీ ముప్పై రెండో వంతు, పుస్తకంలో ఉన్నట్టు. బావ స్కేలుని తుడిచి జేబులో పెట్టుకుని నవ్వాడు. తన సీట్లోని బస్తాలు దించి తను ఎక్కాడు, అక్క సీట్లోని బస్తాలకి బెల్టు బిగించి, దుంపల సంచి పడిపోకుండా పైన కోటు కప్పి, కెనిల్‌వర్త్ రోడ్డు మీద నడిపి వచ్చాడు. దిగినప్పుడు ముఖం మాడిపోయి ఉంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా బండి పీతలా పక్కకి నడుస్తోందట. ఈసారి బస్తాలు దించి నన్ను ఎక్కమన్నాడు. నేను ఎక్కితే ఇంకా ఘోరం. మలుపులో వెనక భాగం ఒకసారి ఊగేసరికి రెండు చేతులతో సీటు అంచు పట్టుకున్నాను.

"నువ్వు కదులుతున్నావ్," అన్నాడు బావ.

"బెల్టు పెట్టుకుని ఎలా కదులుతాను బావా?"

"లోపల్లోపల కదులుతున్నావ్."

ఒళ్ళు మండిపోయింది నాకు. దిగి నడిచి ఇంటికి వెళ్ళిపోయాను, మా అక్క తమ్ముణ్ణే కదా. మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చాను. ఎందుకొచ్చానంటే, ఆ మధ్య వారంలో ఒకరోజు అటుగా వెళుతూ తొంగి చూస్తే, బావ దారం రెండు కొసలూ తనే కట్టుకోవడానికి బండి చుట్టూ తిరుగుతున్నాడు. అరవై నాలుగేళ్ళవాడు, ఆ మోకాళ్ళతో, ఒక కొస బిగించేలోపు రెండోది ఊడిపోతుంటే మళ్ళీ వంగుతున్నాడు. తిట్టుకోవడం కూడా మానేశాడు. అది చూశాక కోపం నిలబడలేదు.

ఈ మధ్యలో పాతబండ్ల సంఘం నుంచి మాల్కమ్ థ్రోప్ అనే మనిషి వచ్చాడు. అదే రకం బండ్లు రెండు ఉన్నవాడు, మూడోదాని మీద కన్నేసినవాడు. గోడ మీది అంకెలు చదివి, బావ స్కేలు చేతిలోకి తీసుకుని, అంచు అరిగింది చూశారా, తప్పంతా ఇక్కడే ఉంది అన్నాడు. అది బావ వాళ్ళ నాన్న స్కేలు. బావ స్కేలు వెనక్కి తీసుకున్నాడు. అరిగిన స్కేలు ముందంచు దగ్గరా అంతే తప్పు చూపిస్తుంది, వెనకంచు దగ్గరా అంతే తప్పు చూపిస్తుంది, మనకి కావలసింది తేడా కాబట్టి తేడా మారదు అని నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. మాల్కమ్ ఎర్రబడి, మీరు అలిసిపోయి అమ్మేద్దామనుకున్నప్పుడు నాకొక్క ఫోన్ చెయ్యండి చాలు అని వెళ్ళిపోయాడు.

పదహారో వరుస కూడా వమ్ము అయ్యాక, ఏప్రిల్ పద్దెనిమిదో తేదీ శనివారం, బావ ఆ ఫోన్ చేశాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి వచ్చి బండి చూసుకొమ్మన్నాడు. నా ముందే చేశాడు. ఫోన్ పెట్టేసి, రేపు పొద్దున ఒక్కసారి కొలుద్దాం, రేపటితో సరి అన్నాడు. ఎందుకంటే, అవతలివాడికి తప్పు కొలతతో ఇచ్చానన్న మాట రాకూడదట.

ఆ ఆదివారం పదిన్నరకి మేం దారాలు కట్టాం, బస్తాలు ఎక్కించాం, దుంపలు పెట్టాం. బావ ఎడమ చక్రం దగ్గర బోర్లా పడుకుని ఉన్నాడు. నేను రేకుల డబ్బా పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు వంటింటి వైపు తలుపు తెరుచుకుని మా అక్క వచ్చింది. సెప్టెంబరు తర్వాత ఆ గడప దాటి రావడం అదే మొదలు. చేతిలో పళ్ళెం, ఏప్రనుకి పిండి. పొయ్యి మీద మాంసం పెట్టి, దుంపలెక్కడ పెట్టారని అడగడానికి వచ్చింది. అడగబోయి తన సీటు వైపు చూసింది.

"నా సీట్లో దుంపలెందుకున్నాయి?"

"అది నువ్వు," అన్నాడు బావ కింద నుంచే.

అక్క నా వైపు చూసింది. నేను రేకుల డబ్బా వైపు చూశాను. బావ లేచి కూర్చుని, పుస్తకంలో ఏముందో, సీట్లలో బరువు ఎందుకుండాలో, వెనక భాగం దిగితే చక్రాల చూపు ఎలా మారుతుందో మొత్తం చెప్పాడు. మొదటిసారి చెప్పాడన్నమాట. పదహారు ఆదివారాలూ బుధవారాలూ గడిచాక, ఇంట్లో మనిషికి.

"ఎన్ని కిలోలు పెట్టావ్?"

"యాభై నాలుగు."

"ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే. స్కెగ్‌నెస్‌లో, సముద్రం మీది వంతెన కొసన తూకం మిషను ఉండేది చూడు. కార్డు నువ్వే చదివావు, ఎనిమిదిన్నర స్టోన్లు అని. అంటే యాభై నాలుగు కిలోలు."

"ఎప్పుడు?"

"డెబ్భై ఒకటిలో."

నాకు పొట్టలోంచి నవ్వు తన్నుకొస్తోంది, బయటపెడితే ప్రాణం పోతుందని దవడ బిగించాను. ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపినవాణ్ణి, ఖాళీ బస్సు ఒకలా తిరుగుతుందని, నిండు బస్సు ఒకలా తిరుగుతుందని నాకు తెలీదా? మా అక్క ప్రతి మంగళవారం చర్చి హాల్లో బరువు తగ్గాలనుకునే ఆడవాళ్ళ తూకానికి వెళుతుంది. అక్కడ అంకె చెవిలో చెబుతారు, చిన్న కార్డు మీద రాస్తారు, ఆ కార్డు మా అక్క ఎక్కడ దాస్తుందో దేవుడికి కూడా తెలీదు. అది యాభై నాలుగు కాదని చూసినవాడెవడైనా చెబుతాడు. బావ బెల్టు చూసినా అంతే, డెబ్భై ఎప్పుడో దాటి తొంభై దగ్గర ఉన్నాడు. నాకు రెండు నెలలుగా అనుమానం ఉంది. కానీ మా దగ్గర ఆడమనిషి బరువు అడిగేవాడు లేడు, అన్న అయినా, తమ్ముడైనా, ముప్పై ఏడేళ్ళు పక్కన పడుకున్న మొగుడైనా. నేను నోరు మూసుకున్నాను, బావకి అసలు ఆ ఆలోచనే రాలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఎవడి మాటా నమ్మకుండా ప్రతిదీ తనే కొలిచిన మనిషి, జీవితంలో కొలవకుండా తీసుకున్న అంకె అదొక్కటే. భార్య చెప్పింది, నమ్మాడు, అక్కడితో ఆగిపోయాడు. బండి చక్కగానే కుదిరింది, పదకొండో వరుసలోనే కుదిరింది. కాకపోతే స్కెగ్‌నెస్‌లో నిలబడిన ఇద్దరు పడుచువాళ్ళకి కుదిరింది.

బావకి ఆ విషయం నెమ్మదిగా ఎక్కింది. ముందు ఎడమ సీటు వైపు చూశాడు. తర్వాత గోడ మీది వరుసలు. చివరికి తన పొట్ట. చాలా మర్యాదగా అడిగాడు.

"డోరీన్, ఇప్పుడు ఎంతుంటావో చెబితే... ఇసుక ఇంకా ఉంది. నువ్వు ఎక్కనక్కర్లేదు. అంకె చెబితే చాలు."

మా అక్క పళ్ళెం పక్కన పెట్టింది. ఆవిడ ముఖంలో రెండు మొండితనాలు కుమ్ములాడుకోవడం నేను చూశాను. అది తిన్నగా నడిచేదాకా ఎక్కనన్నది. ఆవిడ ఎక్కితే తప్ప, లేదా అంకె చెబితే తప్ప, అది తిన్నగా నడవదు.

"ఆ బస్తాలు తియ్యి," అంది నాతో.

"అక్కా, బావకి అంకె చెబితే..."

"తియ్యమన్నానా?"

ఇరవై అయిదు కిలోల బస్తాలు రెండు దించాను, దుంపల సంచి తీసి ఆవిడకిచ్చాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసి, ఒక గిన్నె, పీలరు తెచ్చుకుంది. దారానికి తగలకుండా తలుపు ఎంత తెరుచుకుంటే అంత సందులోంచి సీట్లోకి దిగింది. ఒళ్ళో గిన్నె పెట్టుకుని దుంప చెక్కు తీయడం మొదలుపెట్టింది. అంకె చెప్పడం కన్నా ఆ బండి ఎక్కడమే నయమనిపించింది మా అక్కకి.

బావ కుడి సీట్లో తన బస్తాలు తీసేసి తను ఎక్కాడు. ఆయన అంకె కూడా ఎవరూ అడగలేదు.

కాబట్టి కొలవాల్సిన పని నా మీద పడింది. ఉక్కు స్కేలు పట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, నేల మీద పడుకున్నాను. కుడి చక్రం ఒక వైపు, ఎడమ చక్రం ఇంకో వైపు చూస్తున్నాయి. వరుసగా పదహారుసార్లు మేం సరిచేసిన చక్రాలు. ఏడుపొక్కటే తక్కువ నాకు. బావకి అంకెలు చెప్పాను. ఆయన సీట్లోంచి కదలకుండా, ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ, ఎడమ వైపు లోపలి బ్రాకెట్టు నుంచి రెండు రేకులు తియ్యి, కుడి వైపు ఒకటి కలుపు అన్నాడు. జాకీ ఎత్తాలి కాబట్టి ఇద్దరూ దిగాలి. దిగారు. చక్రం పీకాను. ఈసారి బోల్టులు విప్పింది కూడా నేనే, నాకు చేత కావడం లేదని పక్కన నిలబడి చెప్పింది మాత్రం బావ. చక్రం వేసి దించాక ఇద్దరూ మళ్ళీ ఎక్కారు. కొలిచాను. సరిపోలేదు. దిగారు.

ఎక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఆ మధ్యాహ్నం నాలుగుసార్లు ఎక్కింది. ప్రతిసారీ కూర్చోగానే తలుపు పిడి గట్టిగా పట్టుకునేది, ఒక్కో దుంప చెక్కు తీశాక మళ్ళీ పట్టుకునేది. ఇటుక గోడకి ఎదురుగా, బిళ్ళల మీద నిలబెట్టిన బండిలో. ఆ వేళ్ళు తెల్లబడటం నేను కింద నుంచి చూశాను. అప్పటిదాకా నేను దాన్ని మొండితనం అనే అనుకున్నాను, బావ కూడా అలాగే అనుకున్నాడు. అది భయం.

మూడోసారి ఎక్కినప్పుడు దుంప చెక్కు తీస్తూనే ఆవిడ మాట్లాడింది. నేను చక్రం దగ్గర ఉన్నానని ఇద్దరూ మరిచిపోయారు, లేదా గుర్తున్నా లెక్క చేయలేదు.

"ఆ రోజు బండి తిరిగిపోయిందని కాదు నా బాధ, డెస్మండ్. బండి ఆగాక నువ్వు నా వైపు చూడలేదు. దిగి చెదిరిన ప్లమ్స్ ఏరుకున్నావు. గడ్డిలో ఒక్కొక్కటే."

బావ గోడ వైపే చూస్తూ జవాబిచ్చాడు.

"అప్పుడు నా చేతులు వణుకుతున్నాయి. నీకవి కనబడకూడదనుకున్నాను," అన్నాడు. "నువ్వు వెళ్ళాక కూడా ఏరుతూనే ఉన్నాను," అన్నాడు.

అక్క చెక్కు తీసిన దుంప గిన్నెలో వేసి ఇంకోటి తీసుకుంది. మధ్యలో తలుపు పిడి పట్టుకోకపోవడం పొద్దుటి నుంచి అదే తొలిసారి.

మాల్కమ్ బండి కొనడానికి నాలుగింటికి వస్తున్నాడన్న సంగతి కూడా బావ అప్పుడే చెప్పాడు. నేను బ్రాకెట్టు వైపు తల తిప్పుకుని పిడుగు కోసం ఎదురుచూశాను. పిడుగు పడలేదు. లెన్, ఎంత వచ్చిందని అడిగింది మా అక్క, నన్ను. ఎడమది కుదిరింది, కుడిది ఇంకొక్క రేకు అన్నాను. అయితే కానివ్వు, నాకు చలేస్తోంది అంది.

మూడుంబావుకి రెండు చక్రాలకీ ముప్పై రెండో వంతు వచ్చింది. నమ్మకం కుదరక మూడుసార్లు కొలిచాను. బావ దిగి వచ్చి నాలుగోసారి తనే కొలుస్తాడేమో అనుకున్నాను. ఆయన దిగితే బరువు మారుతుంది కాబట్టి దిగలేదు. నువ్వు చెప్పావు కదా, చాలు అన్నాడు. ముప్పై ఏడేళ్ళ బాంధవ్యంలో నేను కొలిచిన కొలతని ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి. నాకు గర్వంగానే అనిపించింది, దాచుకోవడమెందుకు.

దారాలు విప్పి చుట్టేశాను. వెళ్ళే ముందు బావ ఒక్క నిమిషం దిగి గోడ మీద సుద్దతో పదిహేడో వరుస రాశాడు. మళ్ళీ ఎక్కాడు. ఇంజను తిప్పగానే గ్యారేజీ నిండా పొగ. అక్క గిన్నె కిటికీలోంచి నా చేతిలో పెట్టి, ఇందాక దిగినప్పుడు పొయ్యి మళ్ళీ వెలిగించాను, మాంసం ఆరు గంటలకి ముందు ఉడకదు, ఇంటికెళ్ళకు, ఉండు అంది. బండి బిళ్ళల మీంచి దిగి వెనక్కి వెళ్ళి, వీధిలోకి తిరిగి, వెళ్ళిపోయింది. ఎడమ సీట్లో ఆవిడ తలగుడ్డ కట్టుకోవడం కనబడింది.

చేతిలో గిన్నెతో బకెట్ బోర్లించుకుని దాని మీద కూలబడ్డాను. లేచే ఓపిక లేదు. నాలుగింటికి మాల్కమ్ థ్రోప్ వచ్చాడు, మంచి బూట్లు వేసుకుని. ఖాళీ గ్యారేజీ చూసి, బండేదండీ అన్నాడు. తిప్పడానికి వెళ్ళారన్నాను. ఎంతసేపట్లో వస్తారని అడిగాడు. తెలీదన్నాను. నిలబడి నిలబడి గోడ వైపు నడిచి అంకెలు చదవడం మొదలుపెట్టాడు. ఎడమ సీటు యాభై నాలుగు, కుడి సీటు డెబ్భై, పదహారు వరుసలు. పదిహేడో వరుస దగ్గర ఆగి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఎడమ చక్రం కింద ముప్పై రెండో వంతు, కుడి చక్రం కింద ముప్పై రెండో వంతు. ఎడమ సీటు గడిలో అంకె లేదు. డోరీన్ అని ఉంది. కుడి సీటు గడిలో డెస్మండ్ అని ఉంది.

"డోరీన్ అంటే ఎన్ని కిలోలండీ?" అన్నాడు మాల్కమ్. తన బండికి పనికొస్తుందని జేబులోంచి పెన్ను కూడా తీశాడు.

"ఎవరికీ తెలీదు," అన్నాను.

కాసేపు చూసి ఆయన వెళ్ళిపోయాడు. వాళ్ళు ఆరున్నర దాటాక వచ్చారు. బండి ఎలా నడిచిందని అడిగితే బావ బాగానే ఉంది అన్నాడు, అక్క నిద్రపోయానంది. పొద్దున ఆ బండి తలుపు పిడి వదలని మనిషి అందులోనే నిద్రపోయింది. దుంపలు అప్పటికి నల్లబడ్డాయి, అవే ఉడకబెట్టుకుని తిన్నాం.